షార్జా నుంచి వచ్చిన పెట్టెలు

నా మిత్రుడి శవం షార్జా నుంచి విమానంలో వచ్చింది. అతను సర్దిన నాలుగు చెక్క పెట్టెలు ఓడలో వచ్చాయి, శవం వచ్చిన నెల రోజులకు. రెండుసార్లూ దించుకోవడానికి ముందు చెయ్యి వేసింది నేనే.

మేమిద్దరం గద్వాలలో ఒకే ఉస్తాద్ దగ్గర మెకానిక్ పని నేర్చుకున్నాం. అతనిది గద్వాల దాటి కృష్ణ వైపు పోయే దారిలో ఒక పల్లె. ఇంటికి కొంచెం మెట్ట పొలం, ఒక బోరు. నాది వనపర్తి. పని చేతికొచ్చాక నేను వనపర్తిలో చిన్న షెడ్డు వేసుకున్నాను. అతను పెళ్లయిన రెండో ఏడే షార్జా పోయాడు. ఎడారిలో తిరిగే పెద్ద జీపులను విప్పి, మళ్లీ కొత్తవాటిలా బిగించే గ్యారేజీలో పదకొండేళ్లు చేశాడు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. ఆ నెలన్నరలో సగం రోజులు నా షెడ్డులోనే ఉండేవాడు. పెళ్లాం కోప్పడితే ఆమెను కూడా వనపర్తి బస్సెక్కించుకుని వచ్చేవాడు.

అలాంటి ఒక సెలవులో నాతోపాటు కొల్లాపూర్ వచ్చాడు. అక్కడ ఒక మామిడి తోటలో ట్రాక్టర్ ఆగిపోతే నన్ను పిలిచారు. నేను కింద పడుకుని పని చేస్తుంటే, తోటంతా తిరిగి వచ్చి నా కాలు పట్టి లాగాడు.

"అరే, లేవురా. ఆడ ఏముందో సూద్దువు రా."

తోట చివర, కాపు తగ్గిన చెట్ల కింద, ఒక జపాన్ జీపు ఉంది. చక్రాలు సగం దాకా మట్టిలో దిగబడిపోయాయి. అడుగు రేకు తుప్పు పట్టి రాలిపోయింది. సీట్లను ఎలుకలు తోడేశాయి. వెనక తలుపు సందులో కందిరీగలు గూడు పెట్టాయి. మేం పుట్టిన కొత్తలో మా వైపు ఊళ్లలో తాగునీటి బోర్లు వేయడానికి విదేశీ సాయంతో ఒక పని నడిచిందట. ఆ పని కోసం ఓడలో దిగుమతి చేసిన బండి అది. పని అయిపోయాక వేలం వేస్తే తోట యజమాని తండ్రి కొన్నాడు. ఆయన బతికినన్నాళ్లు దాంట్లో మామిడికాయలు మోశాడు. ఆయన పోయాక ఎవరూ దాని జోలికి పోలేదు.

నా మిత్రుడు బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికే చూస్తూ నిలబడ్డాడు.

"గిసొంటి ఇంజన్లు ఆడ కండ్లు మూసుకొని ఇప్పుత నేను," అన్నాడు. "ఇంగ రెండేండ్లు చేస్త. ఆనంక వచ్చేస్త. దీన్ని మంచిగ జేసి, అమ్రాబాద్ అడివికి వచ్చేటోళ్లను తిప్పుత. పెండ్లాంతోని ఒక్క ఇంట్ల ఉంట."

తోట యజమాని పెద్దగా బేరం చేయలేదు. "తీస్కపోండ్రి, పాములు చేరుతున్నయని ఇంట్ల రోజు లొల్లి," అంటూ రేకుపెట్టెలోంచి వేలం కాగితం, బండి పుస్తకం తీసి ఇచ్చాడు. సెలవు అయ్యేలోపల పుస్తకం మీద మిత్రుడి పేరెక్కింది. జీపును ట్రాలీ మీద వనపర్తి తెచ్చి షెడ్డు వెనక భాగంలో పెట్టాం.

అక్కడి నుంచి మా పని ఫోన్‌లో సాగింది. ఇక్కడ నేను విప్పుతూ ఫొటోలు పంపేవాణ్ణి. అక్కడ అతను పని దిగాక పాత సామాను దుకాణాలన్నీ తిరిగి వెతికేవాడు. ఒక చిక్కు ఉంది. అక్కడి బండ్లకు స్టీరింగ్ ఎడమ పక్కన ఉంటుంది, మనకు కుడి పక్కన. ఇంజను భాగాలు, గేరుబాక్సు, ఇరుసులు రెండింటికీ ఒకటే. స్టీరింగ్ బాక్సు మాత్రం ఎడమ బండిది కుడి బండికి కుదరదు. మా దాంట్లో ఉన్నది అరిగి, లోపల పళ్లు విరిగిపోయి ఉంది. జపాన్ నుంచి కోసి తెచ్చిన బండి ముక్కలు అమ్మే దుకాణాల్లోనే కుడివైపుది దొరకాలి. దాని కోసం అతను నెలల తరబడి తిరిగాడు.

ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు. కుడి స్టీరింగ్ ఒకటి ఉందని ఎవరో చెప్పారట. ఆ మాట, ఈ మాట అయ్యాక అన్నాడు:

"ఛాతిల జర పట్టినట్టు ఐతుంది రా. నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తుంది."

"గ్యాస్ అయ్యుంటది," అన్నాను నేను. "వానలు వడితె బాడీ పని ఆగిపోతది. ముందు సామాను ఈ నెల ఓడకు ఎక్కియ్యి. ఆనంక దవాఖానకు పో."

"అట్లనే తియ్," అన్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున గ్యారేజీలో బట్టలు మార్చుకుంటూ కింద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు.

శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు దించే చోట పెట్టె కోసం రోజంతా నిలబడ్డాను. పెట్టె మీద అతికించిన కాగితాల్లో అతని పేరు తప్పు రాసి ఉంది. దిద్దించకుండానే సంతకం పెట్టి, అంబులెన్స్‌లో గద్వాల దాకా దాని పక్కనే కూర్చుని వచ్చాను. అతని భార్య ఆ పెట్టె తెరిచేదాకా ఏడవలేదు. తెరిచాక కూడా అందరిలా గట్టిగా ఏడవలేదు. అతని గోళ్ల సందుల్లో ఉన్న నల్ల గ్రీజును తన కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

కర్మలన్నీ అయ్యాక ఆమెకు జీపు సంగతి ఎత్తాను. ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దామన్నాను.

"తుక్కుకు ఎయ్యకన్నా," అంది. "ఆయన మొదలువెట్టిన పని. ఎట్లైతె అట్లాయె, పూర్తి చెయ్."

తర్వాత కొద్ది రోజులకే పెట్టెలు వచ్చాయి. సుంకం కట్టాక, వ్యాను వాళ్లతో పాటు నేనూ చెయ్యి వేసి షెడ్డు ముందు దించాను. ఆమెను పిలిపించాకే మూతలు తీశాను. ప్రతి వస్తువునూ అతను తన పాత చొక్కాల్లో, లుంగీల్లో చుట్టి తాడు కట్టాడు. ఒక్కోదాని మీద అట్టముక్క, దాని మీద అతని రాత. 'వెనక ఇరుసు, ఎడమ.' 'దీనికి కొత్త సీలు వెయ్యి.' 'సుత్తితోటి కొట్టకు రా.' నేను సామాను తీసి పక్కన పెడుతుంటే ఆమె బట్టలు తీసుకుని మడతలు పెట్టింది. నూనె మరకలున్నవి కూడా వదల్లేదు. అన్నీ మూట కట్టుకుని సాయంత్రం బస్సుకు పోయింది.

ఆ తర్వాత పదిహేను రోజులకోసారి వచ్చేది. వాళ్ల పొలంలో సీడు పత్తి, విత్తనాల కోసం వేసే పత్తి, పెట్టింది. పని తీరిన రోజు పొద్దున్నే బయలుదేరి వచ్చి, స్టూలు వేసుకుని, కిరసనాయిలులో బోల్టులు కడిగి పెట్టేది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఏది దేనికి పనికొస్తుందో అడిగేది. నేను చెబితే తల ఊపేది. ఇరుసులు ఎక్కాయి, గేరుబాక్సు ఎక్కింది. నాలుగో పెట్టెలో అడుగున ఉన్న స్టీరింగ్ బాక్సును నేను అన్నిటికంటే చివర బయటికి తీశాను.

అట్ట మీద 'స్టీరింగ్, కుడి' అని ఉంది. కానీ అది ఎడమ బండిది.

రెండుసార్లు ఛాసిస్ మీద పెట్టి చూశాను. ఆ తేడా పని తెలిసినవాడికి ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. అతను పొరబడడు. నిద్రలో కూడా పొరబడడు. షార్జాలో అతనితో ఒకే గదిలో ఉన్న మనిషిది మన కొడంగల్ వైపే. అతనికి ఫోన్ చేసి, ఆ బాక్సు ఏ దుకాణంలో కొన్నారో అడిగాను.

"ఆ దినం ఆయన దుకాణం లోపటికి పోనేలేదన్నా," అన్నాడు. "ఎండ బాగుండె. బయట టైర్ల కుప్ప మీద కూసొని చెమటలు తుడుసుకుంటుండు. నువ్వు పోయి తీస్కరా అంటె నేనే పోయిన. నాకు కుడి ఏందో ఎడమ ఏందో తెల్వది. దుకాణపోడు ఇచ్చింది తెచ్చిన. ఆయన ఇప్పి గూడ సూడలే. రాసి పెట్టెల ఏసిండు."

"దవాఖానకు పోదాం అనలేదా?"

"అన్న. సామాను ఓడెక్కనియ్యి, ఆనంక పోదాం అన్నడు."

నేను ఫోన్‌లో అన్న మాట అదే. మాట మారకుండా నా మిత్రుడి నోట్లోంచి వచ్చింది.

ఆ బాక్సును షెడ్డు బయట పడేశాను. పాతదే విప్పి, విరిగిన పళ్ల షాఫ్టు పట్టుకుని నాగర్‌కర్నూల్‌లో ఒక లేత్ పనివాడి దగ్గరికి పోయాను. మూడుసార్లు తిప్పించుకుని, నాలుగోసారి సరిగ్గా కోసిచ్చాడు. అన్నాళ్లూ ఆమె వస్తూనే ఉంది. అన్నాళ్లూ నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయాను. అన్నం సహించేది కాదు. ఆమె "అన్నా" అన్నప్పుడల్లా తల దించుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన గట్టిగా కొడుతోంది. బస్సుకు పోలేక ఆమె కూర్చుండిపోయింది. నేను మొత్తం చెప్పేశాను. ఛాతీ పట్టినట్టుందని అతను అనడం, గ్యాసని నేను అనడం, సామాను ముందు పంపమనడం. దాచుకోకుండా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే పడదామని మనసు గట్టి చేసుకునే మొదలుపెట్టాను.

ఆమె చేతిలో బోల్టు కింద పెట్టింది.

"ఏ దినం?"

"శుక్రారం."

"పొద్దుగాలనా, మాపటికా?"

"మాపటికి."

"ఆ మాపటికే నాకు గూడ ఫోన్ జేసిండు," అంది. "ఎట్లున్నవంటె మంచిగున్న అన్నడు. నవ్విండు గూడ." నా వైపు చూడకుండా అంది: "నీకు చెప్పిండు. నాకు చెప్పలే."

వాన తగ్గకముందే సంచి తల మీద పెట్టుకుని బస్టాండుకు నడిచిపోయింది. గొడుగు ఇస్తానంటే తీసుకోలేదు.

ఆ తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పత్తిలో క్రాసింగ్ పని మొదలైంది, మగ పూలు తెంపి ఆడ పూలకు అద్దే పని. తీరిక దొరకడం లేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ కారణం తెలుసు. ఒక్కణ్ణే డెంటింగ్ చేసుకున్నాను, రంగు వేశాను. డాష్‌బోర్డు వెనక మిగిలి ఉన్న పాత రంగు చూసి, అదే కలిపించాను. ఇంజను మొదటిసారి అందుకున్న రోజు షెడ్డులో ఇంకెవరూ లేరు. ఎన్నో బండ్లు చేశాను, ఆ క్షణం ఎప్పుడూ చప్పట్లు కొట్టాలనిపించేది. ఆ రోజు పొగ బయటికి పోయేదాకా చూసి, ఆపేసి, ఇంటికి పోయాను.

ఫిట్‌నెస్ కాగితం చేతికొచ్చాక, చెప్పకుండానే జీపు తోలుకుని ఆమె ఊరికి పోయాను. చేలో పత్తి ఏరుతోంది. దారిలో బండి ఆపితే ఏరుతున్న ఆడవాళ్లంతా తలలెత్తి చూశారు. ఆమె గట్టు మీదికి వచ్చింది. చిక్కిపోయింది. బండి చుట్టూ ఒకసారి నడిచి, తలుపు తీసి, అడగకుండానే ఎక్కి కూర్చుంది. మెల్లగా పెద్ద రోడ్డు దాకా పోనిచ్చాను.

"ఆపు," అంది.

ఆపాను.

"ఆ శుక్రారం నీతోని ఇంకేం మాట్లాడిండు? ఒక్కటి ఇడవకుండ చెప్పు."

చెప్పాను. ఎండ గురించి అతను అనడం, మధ్యాహ్నం పప్పు మాడిందనడం, గదిలో ఫ్యాను మోత పెడుతోందనడం, ఉస్తాద్ తిట్లు గుర్తుచేసుకుని నవ్వడం. ఆ తర్వాత ఛాతీ మాట, దానికి నేను అన్న మాట. ఆమె అద్దంలోంచి రోడ్డు చూస్తూ విన్నది.

"మల్ల చెప్పు," అంది.

మళ్లీ మొదటినుంచి చెప్పాను. రెండోసారి అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మెయ్యన్నా. ఇంటి ముందల వెట్టుకొని దినాం సూడలేను."

అమ్రాబాద్‌లో అడవి చూడ్డానికి వచ్చేవాళ్లకు గదులు అద్దెకిచ్చే ఒకాయన కొన్నాడు. నాగర్‌కర్నూల్, ఉప్పునుంతల మీదుగా నేనే తోలుకుపోయి అప్పగించాను. దారి పొడుగునా బండి ఎక్కడా మొరాయించలేదు. ఆయన సంతోషంగా పిల్లలను ఎక్కించుకుని ఒక చుట్టు కొట్టి వచ్చాడు. అన్నం తినిపొమ్మన్నాడు. ఆకలి లేదని చెప్పి, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆమె నా మీద కోపం విడిచిందో లేదో తెలియదు. నా మిత్రుడి మీద విడిచిందో లేదో అంతకన్నా తెలియదు. అడగడానికి నాకు ధైర్యం లేదు. మొన్న వాళ్ల బోరు మోటారు కాలిపోతే ఫోన్ చేసింది. పోయి బాగుచేసి వచ్చాను. నీళ్లు చేలోకి పారేదాకా ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. ఈ ఏడు పత్తికి పురుగు ఎక్కువగా ఉందని చెప్పింది. అవునన్నాను.