నేను దించిన శ్రుతి

కిందటి నెల ఒక మంగళవారం పొద్దున్న దుకాణం షట్టరు ఎత్తుతుండగా ఫోనొచ్చింది. బాబాయి పోయారట. నేను నమ్మలేదు. రాయపూర్ తెలుగువాళ్లకు దొంగ ఫోన్లు చేసేది నేనే కాబట్టి, ఎవడో నా మందు నాకే పోస్తున్నాడనుకుని నాలుగు తిట్లు తిట్టాను. అవతల ఉన్నది ఆయన కూతురు. తిట్లన్నీ విని, "నిజమే అన్నయ్యా" అంది.

బాబాయితో నాకు రక్తసంబంధం లేదు. శంకర్ నగర్‌లో మా పక్కింటివారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేశారు. ఏడాదికొకసారి మన తెలుగువాళ్లం వేసుకునే పద్యనాటకంలో మాత్రం రాజు. రాయపూర్ రాజధానిగా ఈ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన ఏడు పెట్టుకున్న కిరీటం పద్దెనిమిదేళ్లు మరొకరి తలకెక్కలేదు. ఎక్కించుకుందామని చూసినవాళ్లు లేకపోలేదు. వాళ్ల పద్యాలూ మీరు విన్నారు, నేను చెప్పేదేముంది?

ఆయనకు హార్మోనియం వాయించేవాణ్ణి నేను. ఎనిమిదో తరగతి తప్పినవాడికి పట్టుబడిన చదువు ఆ పెట్టె ఒక్కటే, అదీ ఆయన నేర్పిందే. నాటకం వారంలో పడిందంటే ఆయన పెరుగు మానేసి, బుగ్గన మిరియం పెట్టుకుని, పార్సిళ్లకు చీటీలు అంటిస్తూ పద్యం గొణుక్కునేవారు. హమాలీలు "రాజా సాబ్, ఏక్ ఔర్" అంటే చాలు, బస్తాల మధ్య నిలబడి రాగం తీసేవారు. కొత్త నటులకు ఒకటే చెప్పేవారు. "మైకుని ముద్దెట్టుకోకండ్రా. జనానికి పద్యం బదులు పళ్లు ఇనపడతాయి."

ఆయనది ఐదు శ్రుతి, అంటే బాగా ఎత్తు. ఒకసారి రిహార్సల్లో కొంటెతనానికి చెప్పాపెట్టకుండా ఒక మెట్టు పైకి ఎత్తి వాయించాను. పద్యం ఆసాంతం పాడి, మీసం సవరించుకుని, "ఏట్రా కోతీ, ఇయాల నీ పెట్టెకి జొరమొచ్చిందేటి?" అన్నారు. అందరం నవ్వాం. "ఎక్కించు, పర్లేదు. దించమని నానడిగిన రోజున కిరీటం తీసి నీ పెట్టె మీద ఎడతాను. అదే ఆఖరు" అన్నారు.

రిటైరయ్యాక ఆయన గొంతు పైస్థాయిలో బిగుసుకోసాగింది. రాగం చివర మెడనరాలు తాళ్లలా లేచేవి. దించమని ఆయన అడగలేదు. నేనే ఒక ఏడు గుట్టుగా ఒక మెట్టు కిందకు జారాను, మరుసటేడు ఇంకొకటి. శ్రుతి ఎక్కిస్తే గొంతు మొరాయిస్తుంది, దించితే సుఖపడుతుంది. సుఖాన్ని ఎవరు అనుమానిస్తారు? "సూశావేటి, గొంతింకా కుర్రదే!" అని ఆయన భుజం చరుస్తుంటే, నా జన్మలోకెల్లా గొప్ప వేళాకోళం ఇదేనని లోపల మురిసిపోయాను.

అయిదేళ్లు అలా నడిచింది. ఆరో ఏట నాకు కామెర్లు వచ్చాయి. విశాఖపట్నం నుంచి వేరే హార్మోనిస్టును పిలిపించారు. బాబాయి దర్జాగా "ఐదు" అన్నారు. పాపం, ఆ కొత్తాయన ఐదే ఇచ్చాడు. ఆయనకొక ముక్క చెవిన వేయాలని మంచంలో పడున్న నాకు తట్టనేలేదు. మొదటి పద్యం మూడో పాదంలో గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ చీలింది. జనం నవ్వారట. మిగతా నాటకమంతా పద్యాలు వదిలేసి ఉత్త మాటలు చెప్పి, లోపలికెళ్లి, కిరీటం తీసి ఆ పెట్టె మీద పెట్టేశారట.

నేను లేచి తిరగ్గలిగిన రోజునే వెళ్లి నిజం చెప్పేశాను.

"ఎన్ని మెట్లు?" అన్నారు.

"రెండు, బాబాయ్."

"ఎన్నేళ్లు?"

"అయిదు."

టీ కప్పు కింద పెట్టారు. "అప్పుడే సెప్పుంటే మర్యాదగా దిగిపోదును కదరా. నీ ఏళాకోళాలన్నిటికీ నవ్వాను. దీనికి నవ్వు రాట్లేదు" అన్నారు. అని, బిస్కెట్ల పళ్లెం నావైపు జరిపారు.

తరవాత నేను ఊరవతల మందిర్ హసౌద్‌కు మారినా ఆదివారం ఆదివారం వెళ్లేవాణ్ణి. క్రికెట్టు మాట్లాడేవారు, కూరగాయలు మండిపోతున్నాయనేవారు. పద్యం మాటెత్తితే "అయిపోనాది" అనేవారు, అంతే. ఆ గొంతును నేనే చంపానన్న బరువు రెండేళ్లు మోశాను.

దహనం అయ్యాక పిన్ని దగ్గర కూర్చుని ఆ మాటే అన్నాను. "నా వల్లే పిన్నీ, ఆయన పాడ్డం మానేశారు."

పిన్ని నా మొహంలోకి వింతగా చూసింది. "మానేయడమేటి? రోజూ పొద్దున్నే వరండాలో కూకుని సన్నగా పాడీవోరు. శ్రుతులూ అవీ నాకు తెలీదు గానీ, సెవికి బాగుండీది. నీ స్కూటర్ సప్పుడు ఇనపడితే ఆపీసీవోరు."

"ఎందుకు?"

"'ఆడి సెవి పాపిష్టిదే, ఎంత శ్రుతిలో పాడతన్నానో పట్టీస్తాడు' అనీవోరు."

పదోరోజున వెళ్లినప్పుడు వీధి మొదట్లోనే ఇంజను ఆపేశాను. అక్కణ్ణుంచి వాళ్ల గేటు దాకా స్కూటర్ని చప్పుడు కాకుండా తోసుకుంటూ నడిచాను.