విమానం దిగకముందే ఊడ్చిన ఇల్లు

మా ఆటగాడు పోయాడని క్లబ్బు బస్సు డ్రైవరు మొన్న పొద్దున ఫోన్ చేశాడు. "అవ్వా, మన ప్లేయర్ సాబ్ పోయిండు. ఆళ్ల దేశంలనే. గుండె ఆగిందట." గిన్నెలు తోముతున్నదాన్ని, కుళాయి కట్టెయ్యాలని కూడా తోచలేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా గదిలో ఉండే నర్సమ్మ రాస్తోంది. నా మాట మెత్తగా మార్చొద్దని ముందే చెప్పాను.

అతనిది లిథువేనియా, మంచు దేశం. ఫుట్‌బాల్‌లో గోల్స్ కొట్టడమే అతని పని. ఇక్కడ, దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో క్లబ్బు ఇచ్చిన ఫ్లాట్‌లో రెండేళ్లు ఉన్నాడు. వండింది, ఊడ్చింది, బట్టలుతికింది నేను. అతని బతుకంతా నాకు చొక్కాల్లోనే తెలిసింది. పెట్టెలో పదకొండు జట్ల చొక్కాలుండేవి. ఆరేస్తూ ఒక్కోటీ ఎత్తి చూపిస్తే దేశం పేరు చెప్పేవాడు. పచ్చది పోలండ్, ఎర్రది కజకిస్తాన్, నారింజ రంగుది సైప్రస్, మెడ చిరిగింది మలేషియా. ఒకచోట ఏడాది, ఒకచోట ఆరు నెలలు.

"ఏడాదికో జెండా. సాబ్ ఆటగాడా, బస్ కండక్టరా అవ్వా?" అని డ్రైవరు నవ్వేవాడు.

"నువ్వు మూడు కంపెనీలు మారలేదురా? మరి నిన్నేమనాలి?" అని నోరు మూయించాను.

నిలకడ లేనివాడని ఇప్పుడు కూడా అంటున్నారట. నిలకడ లేనిది అతనికా? మోకాలు వాచేదాకా ఆడించుకుని, ఆపైన పెట్టె సర్దుకోమన్నవాళ్లకా? "నాకు రెండడుగుల చోటు చాలు మామా, గోల్ కొడతా" అనేవాడు. మామా అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ రెండడుగులూ ఎవరూ ఉంచలేదు.

నా ఆవకాయతో బంగాళాదుంపలు తిని, కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకా వెయ్యమనేవాడు.

మా కోనసీమలో మనిషి ప్రయాణమై గడప దాటగానే ఇల్లు ఊడవరు. అలా ఊడ్చేది శవం లేచిన ఇంట్లోనే. అతను పొరుగు దేశానికి ఆటకు వెళ్లినప్పుడల్లా నేను చీపురు ముట్టేదాన్ని కాదు. మొదట నవ్వాడు. తర్వాత తనే గుమ్మంలో నిలబడి వేలు చూపించి, "మామా, నో ఝాడూ! ప్లేన్ నీచే, ఫిర్ ఝాడూ!" అని, విమానం దిగాకే చీపురు పట్టాలని బెదిరించేవాడు. దిగగానే ఫోన్‌లో చీపురు బొమ్మ పంపేవాడు. చదువు రానిదానికి అంతకన్నా మంచి ఉత్తరం ఎవరు రాస్తారు?

చివరికి మోకాలు పూర్తిగా దెబ్బతింది. క్లబ్బు ఒప్పందం కాగితం మళ్లీ రాయలేదు. వెళ్లేరోజు పొద్దున, అతనెక్కిన లిఫ్టు ఇంకా కిందికి దిగుతూనే ఉంది. ఫ్లాట్లు చూసుకునే ముదీర్, అదే మేనేజరు, వచ్చాడు. "యల్లా అమ్మా, సాయంత్రం కొత్త ప్లేయర్ వస్తాడు. ఊడ్చి ఖలాస్ చెయ్యి."

"ఆ బాబు విమానం దిగనీ, చేస్తాను."

"నువ్వు చెయ్యకపోతే ఇంకో మనిషి ఉంది."

ఎవరికీ భయపడనిదాన్ని, ఆ మాటకు భయపడ్డాను. ఊడ్చాను.

సాయంత్రం చీపురు బొమ్మ వచ్చింది. అప్పటికి ఇల్లు అద్దంలా ఉంది. "ఇదిగో బాబూ, ఇప్పుడే ఊడుస్తున్నా" అని ఫోన్‌లో గొంతు పంపాను. అతనితో నేనాడిన అబద్ధం అదొక్కటే.

"మంచిగనే దిగిండు గద అవ్వా, మూడు నెలలు బతికిండు గద" అని డ్రైవరు ఓదారుస్తాడు. దిగాడు. ఎన్ని దేశాల్లో దిగలేదు! సొంత ఇంట్లో ఒక్క ఏడాదైనా కూర్చోలేదు. చదువుతున్న తల్లులారా, మీరెవరూ నాకు సర్దిచెప్పకండి. నన్ను క్షమించాల్సినవాడు లేడు.

నిన్న అదే ఫ్లాట్‌లో మంచం జరిపాను. గోడవారన నల్లటి రబ్బరు పలుకులు, ఆవగింజల్లా. ప్లాస్టిక్ గడ్డి పరిచిన ఆట మైదానం నుంచి అతని బూట్లలో వచ్చేవి అవి. కొత్త ఆటగాడు బూట్లు క్లబ్బులోనే విడిచొస్తాడు. ఆ రోజు నా చీపురుకు అందనివన్న మాట.

చీపురు చేతిలోనే ఉంది. మంచం మళ్లీ గోడకు జరిపేశాను.