ఏ మంచు అని అడిగిన మనిషి

మొన్న స్టోరులోకి కొత్త టైర్లు వచ్చాయి. చుట్టూ కట్టిన కాగితం పట్టీని కత్తితో కోయగానే పచ్చి రబ్బరు వాసన గుప్పుమంది. బహ్రెయిన్‌లో జనవరి చలి స్వెటరు వేసుకోవాలా వద్దా అని ఆలోచించేంత చలి మాత్రమే. అయినా నా అరచేతులు చల్లబడ్డాయి. రెండేళ్ళుగా ఈ వాసన నన్ను ఇలాగే చేస్తోంది. పోయిన నెల దేవసహాయం గారు తెనాలి దగ్గర తమ ఊళ్ళో కన్నుమూశారని ఉత్తరం వచ్చింది. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. ఆ తప్పు లేకపోతే ఆయన నాకు అర్థమయ్యేవారు కాదు.

మా లారీల యార్డు మామీర్ పక్కన, సిత్రా ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనబడేచోట ఉంటుంది. కాకినాడలో పాలిటెక్నిక్ పూర్తి చేసి నేను ఇక్కడ టైర్ల విభాగంలో చేరేసరికి ఆయన ఫోర్‌మన్. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేవారు. అంతకుముందు మిలిటరీలో బళ్ళ మెకానిక్‌గా కాశ్మీరు కొండదారుల్లో చాలా ఏళ్ళు పనిచేశారు. ఆయన షాపులో ఒక పద్ధతి ఉండేది. ఏ బండికి ఏ టైరు వెయ్యాలో ఎవరు నిర్ణయించారో, వాళ్ళు ఆ టైరు లోపలివైపు పసుపు సుద్దముక్కతో తమ పేరు రాయాలి. బిగించాక అది ఎవరికీ కనబడదు. టైరు పేలి తిరిగొస్తే మాత్రం విప్పగానే కనబడుతుంది. నేను చేరిన వారంలోనే ఒక టైరు చీలి వచ్చింది. విప్పితే లోపల ఆయన పేరే ఉంది. ఆయన అందరి ముందూ రిజిస్టరు తెరిచి, కారణం అనే గడిలో ‘నా అంచనా తప్పు’ అని రాసి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళారు. నాకది వింతగా తోచింది. పేరు రాయాల్సి రావడం పెద్ద విషయమని అప్పటికి అనిపించలేదు. నా లెక్కలు తప్పవని నా నమ్మకం.

సౌదీకి సముద్రం మీద వంతెన తెరిచిన తొలి చలికాలం అది. మా బళ్ళు నేరుగా దీవి దాటి వెళ్ళడం కొత్త. టర్కీలో కొండల అవతల ఉన్న ఒక ఊరికి అల్యూమినియం తీగ చుట్టలు పంపాలని ఆర్డరు వచ్చింది. ఇరాక్ వైపు యుద్ధం కనుక జోర్డాన్, సిరియాల మీదుగా వెళ్ళాలి. డ్రైవరుగా రాజేశాన్ని ఎంచారు. జగిత్యాల దగ్గరి మనిషి, నలభై ఏళ్ళవాడు, యార్డులో అందరికన్నా నెమ్మదస్తుడు. ఆ వారం దేవసహాయం గారు దమ్మామ్ దగ్గర ఆగిపోయిన బండి పని మీద వెళ్ళారు. టైర్ల నిర్ణయం నా మీద పడింది. నాకు సంతోషం వేసిందని ఒప్పుకోవాలి.

నేను కాగితం తీసి నాలుగు పాయింట్లు రాసుకున్నాను. మంచు మెత్తగా, వదులుగా ఉంటుంది. బరువు పడితే చక్రం దిగబడుతుంది. దిగబడకుండా ఉండాలంటే బరువు ఎక్కువ జాగా మీద పరచాలి. కాబట్టి వెడల్పాటి టైరు, తక్కువ గాలి. ఎడారిలో బండి ఇసుకలోకి దిగే ముందు మేం రోజూ చేసేది ఇదే. నా దృష్టిలో మంచు అంటే తెల్లటి, చల్లటి ఇసుక. వెనక ఇరుసుకు నాలుగు ఇసుక టైర్లు వేయించాను. లోపల నాలుగింటి మీదా నా పేరు పెద్ద అక్షరాలతో రాశాను. రాజేశానికి తెలుగులో ఒక చీటీ కూడా రాసిచ్చాను: ‘మంచు మొదలవగానే వెనక టైర్లలో గాలి మూడోవంతు తగ్గించు.’ అతను చీటీని రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. గల్ఫంతా అతని మాటలో దుబాయే.

“దుబాయి అంటే ఎండలనే అనుకుని వచ్చిన సారూ. మంచుల బండి ఎన్నడు నడపలే. గీటితోని అయితదంటవా?”

“భయమేం లేదు రాజేశమన్నా,” అన్నాను. నాలుగు పాయింట్లూ వరసగా చెప్పాను. అతను తలూపాడు. శనివారం పొద్దున్న బండి వంతెన ఎక్కింది.

దేవసహాయం గారు సోమవారం ఉదయం తిరిగొచ్చారు. వచ్చిన పది నిమిషాలకు రిజిస్టరు, దానితో పాటు నేను దాచుకున్న చీటీ నకలు ఆయన చేతిలో ఉన్నాయి. చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

“ఏ మంచు?” అన్నారు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. మంచు అంటే మంచే కదా అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని మెల్లగా చెప్పారు. మన ఊళ్ళలో గడ్డి మీద పడేదీ మంచే, పొద్దున్నే దారి మూసేసేదీ మంచే, కొండ మీద కురిసేదీ మంచే, గడ్డకట్టి అద్దంలా అయ్యేదీ మంచే. ఇంగ్లీషులో నాలుగు పేర్లున్న చోట మనకు ఒకే మాట. “దారిలో పొగమంచు కనబడినా సరే, అతను నీ చీటీ చూసి గాలి తీసేస్తాడయ్యా. తారురోడ్డు మీద, అంత బరువుతో. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.” నాకు తెలుసు. గాలి తక్కువైన టైరు తారు మీద వేడెక్కి ఎలా పేలుతుందో మాకు పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో పాఠమే ఉంది. అయినా నోరు ఊరుకోక, నా నాలుగు పాయింట్లలో తప్పెక్కడుందని అడిగాను.

“తప్పేం లేదు. నాలుగూ కరక్టే. ఇసక గురించి.”

ఆయన పాత టైర్ల నుంచి రెండు ముక్కలు కోశారు. ఒకటి నేను వేయించిన రకం ఇసుక టైరుది. రెండోది యార్డు వెనక గుట్టలోది. జర్మనీ నుంచి కొన్న పాత లారీలతో వచ్చిన ఆ టైర్లు ఇక్కడి ఎండకు పనికిరావని పక్కన పడేశారు. రెండు ముక్కలూ పట్టుకుని, తనకు తెలిసినవాళ్ళ మాంసం కోల్డ్ స్టోరేజీకి నన్ను తీసుకెళ్ళారు. ముక్కల్ని లోపల పెట్టి వచ్చి, భోజనాలయ్యాక మళ్ళీ వెళ్ళాం. తలుపు మూసుకోగానే నా ముక్కులో తడి బిగుసుకుంది. వేలాడే గొర్రెల మధ్య నిలబెట్టి, ముక్కలు వంచమన్నారు. జర్మనీ టైరు ముక్క వంగింది. నా ఇసుక టైరు ముక్క చెక్కలా అయిపోయింది. వేలితో కొడితే టక్ మంది. తర్వాత నేల చూపించారు. గోడవార తెల్లటి పొడి. అక్కడ నా బూటు కొంచెం దిగి ఆగింది. మాంసం తోపుడుబండ్లు తిరిగే దారిలో అదే పొడి అణిగి గట్టిపడింది. అక్కడ జారింది కానీ నిలదొక్కుకున్నాను. తలుపు దగ్గర, బయటి వేడి తగిలి పైన నీటి పొర పట్టిన చోట కాలు పెట్టగానే నా కాలు నా మాట వినలేదు. ఆయన నా మోచెయ్యి పట్టుకోకపోతే వెల్లకిలా పడేవాణ్ణి.

చెయ్యి వదలకుండానే ఆయన ఒక సంగతి చెప్పారు. కాశ్మీరులో ఒక మధ్యాహ్నం ఆయన బండి ముందు ఇంకో బండి వెళ్తోందట. “అది బ్రేకు వెయ్యలేదు, హారను కొట్టలేదు. నెమ్మదిగా పక్కకి జరిగింది. తర్వాత అక్కడ రోడ్డే ఉంది, బండి లేదు.” ఆయన ఊపిరి తెల్లగా కనబడింది. “నాకు భయమేస్తందయ్యా. బండి కట్టేటప్పుడు నీకు వెయ్యలేదు చూడు, దానికి ఇంకా భయమేస్తంది.”

ఆ సాయంత్రం యార్డు వెనక గుట్టలో టైర్లు ఎంచాం. పదిహేను ఉన్నాయి. ఒక్కోదాన్ని ఆయన బొటనవేలి గోరుతో నొక్కి చూశారు. గాడి లోతుకు అగ్గిపుల్ల దించారు. పక్కగోడల మీద ఎండ పగుళ్ళ కోసం తడిగుడ్డతో తుడిచి వెతికారు. ఎం, ఎస్ అనే రెండక్షరాలు ఉన్నవే కావాలన్నారు. అవి తయారుచేసినవాడి పొడి అక్షరాలని నేను అంతవరకూ అనుకున్నాను. బురదకూ మంచుకూ పనికొస్తుందని వాటి అర్థం. ఆ టైర్లు నేనెంచిన వాటికన్నా సన్నగా ఉన్నాయి. దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు సన్నని చీలికలున్నాయి. “ఇసకలో తేలాలి, మంచులో దిగాలి,” అన్నారు. “కిందనున్న గట్టిదాన్ని పట్టుకోవాల.” పదిహేనులో నాలుగే నిలిచాయి. ముందు చక్రాల సంగతేమిటని అడిగితే, వాటిని జాగ్రత్తగా తిప్పడానికి స్టీరింగు దగ్గర రాజేశం ఉన్నాడన్నారు. నాలుగింటి లోపలా నన్ను పేరు రాయమని, దాని కింద తన పేరు రాశారు.

మరునాడు పొద్దున్నే ఖాళీ బండితో తిరిగి వెళ్ళే ముస్తఫా అనే టర్కీ డ్రైవరుకు ఆ నాలుగు టైర్లూ, మంచులో జారకుండా చక్రాలకు చుట్టే రెండు జతల గొలుసులూ అప్పగించాం. టర్కీ సరిహద్దులో ఉన్న మా ఏజెంటుకు రాజేశాన్ని ఆపమని టెలెక్స్ కొట్టాం. జవాబు రాలేదు. ఇక చేయగలిగింది లేదు. పొద్దున్నే కాగితం మీద బండి ఈ వేళ ఎక్కడుంటుందో రాయడం, సాయంత్రం అది కొట్టేసి మళ్ళీ రాయడం నా పనయింది. గోడమీది మ్యాపులో కొండలున్న చోట గోధుమ రంగు. అటు చూడకుండా నడిచేవాణ్ణి. యార్డులో ఎక్కడ టైరు గాలి వదిలిన శబ్దమైనా ఉలిక్కిపడేవాణ్ణి. శుక్రవారం ఆయన నన్ను మనామాలో తెలుగువాళ్ళ ప్రార్థన కూటానికి తీసుకెళ్ళారు. నేను ఆ మతంవాణ్ణి కాను, వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆయన లేచి, మంచు దారిలో ఉన్న ఒక సోదరుడి కోసం, అతన్ని పంపిన ఇద్దరి కోసం ప్రార్థించమని కోరారు. ఇద్దరి కోసం అన్నారు. పంపింది నేనొక్కణ్ణే. ఆ మాటకు నేను తల ఎత్తలేకపోయాను.

బండి బయల్దేరిన పన్నెండో రోజున టెలెక్స్ వచ్చింది. టైర్లు మార్చారు, సరుకు దించారు, తిరుగు ప్రయాణమయ్యారు. నేను దాన్ని నాలుగుసార్లు చదివి, స్టోరు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

రాజేశం తిరిగొచ్చిన రోజు ముగ్గురం యార్డులో నీడన కూర్చుని చాయ్ తాగాం. ఏం జరిగిందో అతను తనంతట తానే చెప్పాడు.

“సిరియాల హలబ్ పట్నం దిక్కు పోతుంటే పొద్దుగాల మంచు గమ్మింది సారూ. ముందట బండి కానొస్తలేదు. నీ చిట్టీ తీసి చూసిన. మంచు రాంగనే గాలి తీయుమన్నవ్. తీసిన. గంట నడిపిననో లేదో, కాలిన వాసనొచ్చింది. దిగి టైరు మీద చెయ్యి పెడితే చుర్రుమన్నది. మల్ల గాలి కొట్టిచ్చుకున్న. అప్పుడనుకున్న, ఈ చిట్టీ రాసినాయనకు మంచంటే ఏందో ఎర్క లేదని.”

దేవసహాయం గారు నవ్వు ఆపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఏజెంటు అతనికి ఏమీ చెప్పలేదట. కొండ కింద చాయ్ హోటలు దగ్గర దిగి రోడ్డు మీద కాలు పెట్టి చూశాడట, జారిందట. ఇంజను ఆపేసి కూర్చున్నాడట. సరుకు అందుకోవాల్సిన టర్కీ కంపెనీ మేనేజరు హోటలుకు ఫోను చేసి తిట్టినా కదలలేదట. మూడో రోజు ముస్తఫా టైర్లతో వచ్చాడు.

“నువ్వేమో భయం లేదన్నవ్,” అన్నాడు రాజేశం. కోపంగా అనలేదు. “నాకేమో కడుపుల ఒకటే దడ. ఇద్దర్ల ఎవల మాట ఇనాల్నో అని మూడు దినాలు కూసొని సోంచాయించిన సారూ.”

క్షమించమని అడగబోయాను. దేవసహాయం గారు చెయ్యి అడ్డం పెట్టారు. “అది తర్వాత చెప్పుకో. ముందు ఎక్కడెక్కడ భయమేసిందో అడుగు. రాసుకో.” రెండు గంటలు రాశాను. మలుపులు, వాలులు, ఎండ తగిలి కరిగే చోట్లు, నీడన గడ్డకట్టే చోట్లు, పొగమంచు పట్టే మైదానం. పదకొండు చోట్లు తేలాయి. ఆ దారికి అంతకన్నా మంచి కాగితం నేనింతవరకూ చూడలేదు. అందులో నేను ఊహించిన మాట ఒక్కటీ లేదు.

దేవసహాయం గారు పని మాని ఊరికి వెళ్ళిపోయాక, ఇప్పుడు ఆ విభాగం నా చేతిలో ఉంది. ట్రిప్ షీటులో సరుకు, బరువు, దారి, టైర్లు, ఇంధనం అనే గడుల కింద నేను ఇంకొకటి చేర్చాను: డ్రైవరుకు ఏది భయం. చాలామంది అందులో ‘ఏమీ లేదు’ అని రాసిస్తారు. భయం లేదనే మాట విన్నప్పుడల్లా నా వీపు మీద కోల్డ్ స్టోరేజీ గాలి తగిలినట్టవుతుంది. నిన్న రియాద్ వెళ్ళాల్సిన కొత్త డ్రైవరు కూడా అలాగే రాశాడు. నేను సంతకం పెట్టలేదు. బండి తాళం నా ముందు బల్ల మీద పెట్టి, అతన్ని కూర్చోమని, చాయ్ తెప్పించాను. అతను గడియారం చూసుకున్నాడు. నేను చూడలేదు. రెండో చాయ్ సగమయ్యాక, గ్లాసులోకి చూస్తూ, అతను నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.