నాయన గుండె, చక్కెర మాత్ర

మా నాయన గొర్రెల కాపరి. గార్లదిన్నె దగ్గర మా ఊరి గుట్టలన్నీ మంద వెంట తిరిగిన మనిషి. షుగర్ వచ్చి చాలా ఏళ్లయినా ఆయన నడక తగ్గలేదు. రెండేళ్ల కిందట మాత్రం సగం గుట్ట ఎక్కేసరికే ఆయాసపడి కూర్చోవడం మొదలుపెట్టాడు. పాదాలు వాచాయి. దిండు మీద దిండు వేస్తే గానీ పడుకోలేకపోయేవాడు.

అనంతపురం తీసుకెళ్లి గుండెకు స్కాన్ తీయించాను. తెర మీద తన గుండె కదులుతుంటే నాయన మెడ తిప్పి చూశాడు. కోసిన గొర్రెల గుండెలు ఎన్నో చేతబట్టినవాడు కదా, డాక్టరమ్మ నోరు తెరవకముందే అన్నాడు.

"బిగువు లేదు కదమ్మా దానికి."

ఆమె అవునంది. గుండె కండరం గట్టిగా ముడుచుకోవడం లేదని పిడికిలి బిగించి, వదిలి చూపించింది. ఒంట్లో నీరు నిలబెట్టే పాత షుగర్ మాత్ర ఆపేసి, గుండె మందులతో పాటు కొత్తది రాసింది. అదీ షుగర్ మాత్రే, కానీ నీరసపడిన గుండెకూ పనికొస్తుందని చెప్పింది.

నెల తిరిగేసరికి వాపు దిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకే మళ్లీ ఆయాసం మొదలైంది. ఎందుకని అడిగితే రెండు రోజులు మాట దాటేశాడు. మూడో రోజు గడప మీద కూర్చుని చెప్పాడు.

"ఆ కొత్త మాత్ర ఇడిసిపెట్టినా పాపా. ఒంటికి పోయిన తావంతా చీమలు పడతాండాయి. చక్కెర పెరిగిపోయి పొర్లతాండాది."

మా తాతకు షుగర్ ఉందని ఇంట్లో మొదట తెలిసింది మూత్రానికి పట్టిన చీమల వల్లే. కాలి పుండు మానక ఆయన పోయాడు. నాయన దాచింది ఆ భయాన్నే. నాకు వచ్చిన కోపం ఆయన ముఖం చూశాక నిలవలేదు.

మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ తిట్టలేదు. ఎక్కువైన చక్కెరను మూత్రంలో బయటికి పంపడమే ఆ మాత్ర పని అనీ, దాంతో పాటు కొంత నీరూ పోయి గుండె మీద బరువు తగ్గుతుందనీ వివరించింది.

"గుండె కండరానికి అది ఇంకా ఏమేం చేస్తుందో మాకే పూర్తిగా తెలీదు పెద్దాయనా. మేలు చేస్తుందని మాత్రం తెలుసు."

తెలియదని ఒప్పుకున్నందుకే నాయనకు ఆమె మీద గురి కుదిరింది. వాంతులై తిండి తినలేని రోజు మాత్ర ఆపి ఫోన్ చేయమంటే బుద్ధిగా తలూపాడు. ఆ రోజు నుంచి మాత్ర తప్పలేదు.

ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీశారు. గుండె ముడుచుకోవడం మెరుగుపడింది, పూర్తిగా కాదు. అది ఒక్క మాత్ర ఘనతే కాదనీ, మందులన్నీ కలిసి చేసిన పనే అనీ ఆమె చెప్పింది. ఇప్పుడు గుట్ట పైకి మా అన్న వెళ్తాడు. నాయన గుట్ట కింద మేపుతాడు.

పోయిన వారం అక్కడ ఒక గొర్రె ఈనితే, పిల్లను ఎత్తుకుని ఇంటిదాకా నడిచొచ్చాడు. దారిలో ఎన్నిసార్లు ఆగావని అడిగాను.

"ఒకసారి. అదీ మనుషులు పలకరిస్తే."