పచ్చగోడ కాపలా

ఆ తొమ్మిదంతస్తుల ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. వాచ్‌మన్ దగ్గర్నుంచి లిఫ్టు మెకానిక్కు దాకా అందరికీ ఆమె గోడమ్మే. కింద హాల్లో మూడంతస్తుల ఎత్తున నిలబడ్డ మొక్కల గోడ ఆమె చేతి పని.

అంతకుముందు ఆమె బడిలో డ్రాయింగు టీచరు. రంగుల డబ్బాల కంటే నాచు, విత్తనాలు, చెమ్మ అంటేనే ఆమెకు మోజు. ఒక ఏడాది తమ వీధిలో ఏ గోడకు ఎక్కడ చెమ్మ పడుతుందో తిరిగి చూసి, పగిలిన పెంకుల మీద నాచు పెంచి, వాటిని నేలమీద పేర్చి వీధి పటం తయారుచేసింది. మరో ఏడాది గాలివానకు కూలిన చెట్టు మొద్దుతో బస్టాపు దగ్గర బల్ల చేసింది. పైన మనుషులు కూర్చోవచ్చు, కింద తొలిచిన కన్నాల్లో తేనెటీగలు కాపురం పెట్టుకోవచ్చు. "కుడితే ఎవరిది పూచీ?" అని వీధివాళ్లు కొన్నాళ్లు సణిగి, తర్వాత అలవాటుపడ్డారు.

ఆ బల్ల చూశాకే ఆఫీసువాళ్లు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. గోడ చూపించి, మీ ఇష్టం అన్నారు. ఆమె ఎగిరి గంతేసింది. గుడ్డ సంచుల్లో రెండు వేల మొక్కలు పెట్టి, ముదురాకుపచ్చా లేతాకుపచ్చా కలిసి పైనుంచి ఏరు పారుతున్నట్టు అమర్చింది. మొక్కలన్నీ అక్క నర్సరీలో పెరిగినవే. ఈ గోడను నమ్ముకుని బావ వర్క్‌షాపు పని మానేసి నర్సరీలో మరో రెండు నీడపందిళ్లు వేశాడు. ఏడేళ్లపాటు గోడను తానే చూసుకుంటాననీ, మధ్యలో వదిలేస్తే తన నమూనాలన్నీ, పాతవాటితో సహా, ఆఫీసుకే చెందుతాయనీ రాసిన కాగితం మీద ఆమె సంతోషంగా సంతకం పెట్టింది. సొంత బిడ్డను వదిలేసేదెవరు అనుకుంది.

మొదటి ఏడాది గోడ కళకళలాడింది. రెండో వేసవిలో, ఎండ కొడుతోందని హాలు అద్దాలకు నల్లటి ఫిల్ము అంటించారు. నెల తిరక్కుండానే ఏరు పైనుంచి ఎండిపోవడం మొదలైంది. ఆమె మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆ ఫిల్ము తీయించండి. వెలుగు లేకపోతే అవి బతకవు."

"కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు కళ్లు మండుతున్నాయి మేడమ్. చచ్చినవి తీసి కొత్తవి పెట్టండి. ఎవరు చూడొచ్చారు?"

"మొక్కలు బతకాలనే కదా సార్ గోడ పెట్టింది?"

"గోడ పచ్చగా ఉండాలని పెట్టాం," అన్నాడాయన మామూలుగానే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు ఆమె నిచ్చెనెక్కేది. వాడినవాటిని గోనెసంచుల్లో కుక్కి, ఖాళీల్లో కొత్తవి దూర్చేది. ఏ మొక్కా ఐదారు వారాలకు మించి నిలవలేదు. సోమవారం వచ్చినవాళ్లు "భలే పచ్చగా ఉంది గోడమ్మా" అనేవాళ్లు. గోడకు పర్యావరణ బహుమతి కూడా వచ్చింది. జ్ఞాపిక పట్టుకుని ఫొటోకు నవ్వమంటే నవ్వింది. ఇంటికొచ్చేసరికి దవడలు నొప్పెట్టాయి.

ఒకరోజు వ్యానులోకి ట్రేలు ఎక్కిస్తుంటే అక్క అడిగింది. "ఏమే, నేను నర్సరీ నడుపుతున్నానా, కోళ్ల ఫారమా? కళ్లలో పెట్టుకుని పెంచి పంపిస్తాను, నువ్వు సంచుల్లో శవాలు తెస్తావు."

"మానేద్దామా అక్కా?"

అక్క ట్రే దించలేదు. "మీ బావ ఈ వయసులో మళ్లీ ఎవరి కింద స్పానరు పట్టుకుంటాడు? నోరుమూసుకుని ఆ కొస పట్టు."

ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. కొత్త పనేదీ ఆమె చేతికి రాలేదు. కాగితం ముందు కూర్చుంటే, వచ్చే ఆదివారానికి ఏ వరస పోతుందో అన్న ఆలోచనే.

మూడో ఏడాది ఒక ఆదివారం, కుడి చివర వరసలో ఎండిన మొక్కల్ని ఆమె తియ్యలేదు. ఒక్కోదానికి చిన్న చీటీ కట్టింది. నాటిన రోజు, చచ్చిన రోజు, అంతే. ఎన్నాళ్లకో చేతులు సొంత పని చేసినట్టనిపించి, నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయింది.

సోమవారం జనం ఆగారు. ఎప్పుడూ ఫోను చూసుకుంటూ పోయేవాళ్లు మెడలు సాచి చీటీలు చదివారు. రిసెప్షనులో కూర్చునే అమ్మాయి దగ్గరికొచ్చి, "రోజూ దీనికెదురుగానే కూర్చుంటాను గోడమ్మా. ఇవి చచ్చిపోతున్నాయని నాకు తెలీనే తెలీదు," అంది.

"తెలియనివ్వకపోవడమే కదమ్మా నా ఉద్యోగం," అంది ఆమె.

గురువారానికి ఆ వరస మాయమైంది. దాని చోట ప్లాస్టిక్ ఆకులు. మేనేజరు కోప్పడలేదు. కోప్పడకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"మీకూ శ్రమ తగ్గుతుంది మేడమ్. వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. మెల్లగా మొత్తం ఇలాగే చేద్దాం."

"అయితే నా పేరు తీసేయండి సార్."

"బహుమతి మీ పేరు మీదే కదా వచ్చింది? పేరు తీసేస్తే గోడ ఎవరిదని చెప్పాలి?"

"పోనీ, నన్నే వదిలేయండి."

ఆయన సొరుగులోంచి కాగితాలు తీసి, సంతకమున్న పేజీ ఆమె వైపు తిప్పాడు. పెంకుల పటం, తేనెటీగల బల్ల, అన్నీ వరసగా రాసున్నాయి. ఆమె టీ ముట్టకుండా లేచి వచ్చేసింది.

ప్లాస్టిక్ పెరిగినకొద్దీ నర్సరీ నుంచి వెళ్లే ట్రేలు తగ్గాయి. అక్క రెండు నెలలు ముభావంగా ఉంది. "చీటీలు కట్టి ఎవరిని ఉద్ధరించావే?" అని ఒకసారి అననే అంది. బావ మాత్రం ఊరికే కూర్చోలేదు. పందిళ్ల కింద టమాటా, వంకాయ నారు పోశాడు. చుట్టుపక్కల రైతులు వచ్చి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. "ఇవి సంచుల్లో తిరిగిరావు మరదలా, కాపుకొస్తాయి," అన్నాడు ఒకరోజు, మట్టి చేతులు దులుపుకుంటూ. ఆమె నవ్వింది. ఆ నవ్వులో నిజమైన సంతోషం ఉంది, దాని వెనకే కాస్త అసూయ కూడా. వాళ్లు గోడలోంచి బయటపడ్డారు. ఆమెకు ఒప్పందం ఇంకా నాలుగేళ్లుంది.

ఇప్పుడు గోడలో అసలు మొక్కలు కింది రెండు వరసలే. వచ్చినవాళ్ల చెయ్యి అందేది అక్కడిదాకానే కాబట్టి వాటిని ఉంచారు. ముట్టుకుని చూసి, ఎంత లేతగా ఉన్నాయో అని మెచ్చుకుంటారు. ఆదివారాలు ఆమె బకెట్టుతో నిచ్చెనెక్కుతుంది. వాచ్‌మన్ కింద నిచ్చెన పట్టుకుంటాడు.

"ఇంకెంతసేపమ్మా?"

"పైన రెండంతస్తులుంది," అంటుంది ఆమె, గుడ్డ పిండుకుంటూ.