నడిపి చూపించాల్సిన గది

ఆ రోజు సైటులో ఉన్నవి: మూడు కారవాన్లు, ఒక బోరు, ఒక సెప్టిక్ ట్యాంకు, వంటకు రేకుల షెడ్డు, రెండు బర్రెల కొట్టం. ఉన్నవాళ్లు: సైట్ ఇంజనీరుగా నేను, భూమి యజమానీ కాపలాదారూ అయిన నర్సింలు, వంట చేసే అతని భార్య మాణెమ్మ, రెండో కారవాన్‌లో దిగిన ఒక హైదరాబాద్ జంట.

తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఎండాకాలం, పట్నం అతిథులకు పల్లెల్లో కారవాన్ బస ఇచ్చే మా కంపెనీ నన్ను అక్కడికి వేసింది. ఆత్మకూర్ వైపు ఒక పల్లె అది. హోదాలో నా పైన ప్రాజెక్టు మేనేజరు ఉండేవాడు, నా కింద ఎవరూ లేరు. మూడో కారవాన్‌లోనే నా బస.

కారవాన్ అంటే మంచం, పొయ్యి, స్నానాల గది ఉన్న చక్రాల గది. దానికి ఇంజను ఉండదు, ఇంకో వాహనం లాగాలి. సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే ముందు ఆ భూమిని వ్యవసాయేతరంగా మార్పించాలి, తర్వాత పంచాయతీ అనుమతి తేవాలి. బండి నిలబెట్టడానికి అవేవీ అక్కర్లేదని మా కంపెనీ నమ్మకం. అయితే వచ్చే అతిథికి బండి అక్కర్లేదు. మంచం మీద పక్కకు దొర్లితే గది ఊగుతోందని మొదటి వారమే ఫిర్యాదు వచ్చింది. మేనేజరు చెప్పినట్టే నాలుగు మూలలా ఇటుక దిమ్మెలు కట్టించి, బరువంతా వాటిమీదికి ఎత్తించాను. ముందు మెట్లు, తడికెల వసారా. చక్రాలు కనబడకుండా కాగితం పూల మొక్కలు. కిటికీలోంచి చూస్తే కాలువ కింద యాసంగి వరి, దాని వెనక నల్లగుండ్ల గుట్ట, వాలు మీద గొర్రెల మంద. అతిథికి ఇల్లులా, సర్కారు ఆఫీసుకు బండిలా కనబడాలి. డ్రాయింగులో రెండూ సాధించాను.

నర్సింలు సైటున్న ఆ మెట్ట చెలకను కంపెనీకి కౌలుకిచ్చి, అందులోనే జీతానికి కుదిరాడు. అంతకుముందు ఏటా పూణె పనులకు పోయేవాడు. "పూణెల రేకుల డబ్బాల పంటుంటిమి, ఒక్కడన్న వచ్చి చూసిండా? గిప్పుడు గసొంటి డబ్బాల పండనీకి పట్నం నుంచి కార్లేసుకొని వస్తున్నరు," అని మాణెమ్మ నవ్వేది.

మధ్యాహ్నం మండలం నుంచి తనిఖీ అధికారి వచ్చారు. మూడింటి చుట్టూ తిరిగి, "ఇండ్లు కట్టినరు గద," అన్నారు. బండ్లని మనవి చేశాను. ఆయన నన్ను వదిలేసి, వసారాలో కూర్చున్న అతిథిని అడిగారు: "మీరున్నది ఇల్లా, బండా?"

ఆ పెద్దమనిషి మమ్మల్ని మెచ్చుకోవాలనే అనుకున్నారు. "అచ్చం ఇల్లేనండీ. బండి అంటే ఎవరూ నమ్మరు!"

"మంచిది. గిదే నడిపి చూపియ్యిండ్రి," అన్నారు అధికారి. "నేను గీడ బువ్వ తిని లేచేలోపల నడువకుంటే మూడింటికీ తాళాలేసి పోత."

నర్సింలు నా వైపు తిరిగాడు. "సారూ, గిది మూసిండ్రంటె నేను మళ్ల పూణె బస్సెక్కాల్నే."

"నువ్వు నోరు మూసుకొని దిమ్మెలు పగులగొట్టు," అంది మాణెమ్మ. "నేను జొన్నరొట్టెలు చేస్త, నిమ్మలంగ."

పని వరుస ఇది. వసారా విప్పాలి, నీటి పైపు, మురుగు పైపు ఊడదీయాలి, జాకీతో ఎత్తి దిమ్మెలు కొట్టేయాలి, టైర్లలో గాలి చూడాలి, కొక్కెం తగిలించాలి. ఒక టైరులో గాలి లేదు, ఉన్న పంపు ఒక్కటే, నర్సింలు పూణె నుంచి తెచ్చుకున్న సైకిల్ పంపు. పక్క పొలం ట్రాక్టరు పిలిపించాం. సామాను దించుకుంటూ అతిథి, "కిటికీలో వ్యూ మారదు కదండీ?" అని అడిగారు. షెడ్డులోంచి మాణెమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది: "ఇంకొక్కటి, సార్. గిది పల్చగ చేసిన."

మొదటి గుంజుకు మెట్లు విరిగాయి. రెండో గుంజుకు కాగితం పూల మొక్క వేళ్లతో సహా వెంట వచ్చింది. "ఇడువకు! ఇడువకు! గుంజు!" అని నర్సింలు వెనకనుంచి భుజం ఆనించి అరుస్తున్నాడు. కారవాన్ బయల్దేరింది, మెత్తటి చెలకలో కొంత దూరం పోయింది, ఇరుసు దాకా దిగబడింది.

అధికారి చేతులు తుడుచుకుంటూ చూశారు. "నడిచింది. బండే." జీపెక్కబోతూ ఆగారు. "రేపు రవాణా ఆఫీసోళ్లు వచ్చి, బండయితే నంబరేదీ అంటే నన్నడుగొద్దు."

"గప్పుడు ఇల్లని చెప్తం తియ్యిండ్రి, సార్," అంది మాణెమ్మ.

ఇరుసు వంగింది. కారవాన్ మళ్లీ బయటికి రాలేదు. దాని కిటికీ ఇప్పుడు బర్రెల కొట్టం వైపు తిరిగి ఉంది. వేరేది ఇస్తామంటే అతిథి భార్య వద్దన్నారు, సాయంత్రం పాలు పిండటం చూడాలట. నర్సింలు ఆ ఏడు పూణె పోలేదు. నేను ఆ ఉద్యోగం వదిలిన నాటికీ అక్కడే ఉన్నాడు.

చక్రాలున్నది రోజూ నడవనక్కర్లేదని, అధికారి చూస్తుండగా ఒకసారి నడిస్తే చాలని అక్కడ నేర్చుకున్నాను. తర్వాత వేసిన డ్రాయింగులన్నిటిలో ఇటుక దిమ్మెలకు బదులు జాకీలు పెట్టాను. రెండో కారవాన్ మా సైటులో ప్రయాణించిన మొత్తం దూరం పదకొండు అడుగులు.