బంగాళాదుంపలకు ఉభాలు

ఆ రోజుల్లో మా ఇంట్లో బంగాళాదుంప కూర వండారంటే, వీధి అరుగు మీద ఎవరో పట్నం చుట్టం కూర్చున్నట్టే లెక్క. వంకాయా బీరకాయా పెరట్లో కాస్తుంటే ఈ దుంపను మాత్రం గజపతినగరం సంత నుంచి ఎందుకు మోసుకురావాలన్నది పద్నాలుగేళ్ల నా ప్రశ్న. (అప్పట్లో నాకు ప్రశ్నలెక్కువ, పనులు తక్కువ.) ఓరోజు బుట్ట అడుగున మొలకలెత్తిన దుంపలు పన్నెండు కనబడేసరికి నాకు కాలు నిలవలేదు. నాన్నేమో పెరడంతా గేదెలకు గడ్డి వేద్దామని చూస్తున్నాడు. కాళ్లావేళ్లా పడితే, "ఒక్క దుంపైనా ఊరిందని సూపించు, పెరడు నీదే. నేదంటే గడ్డి ఏసేస్తాను" అన్నాడు.

నూతి పక్కన పాతాను. పన్నెండూ మొలిచాయి. రోజుకు పదిసార్లు వెళ్లి చూసేదాన్ని. మొక్కలు జానెడు ఎదిగాక మా మామ్మ వచ్చింది. నాన్నను కన్నతల్లి, ఏళ్ల తరబడి వరి నాటిన చెయ్యి.

"ఏటే గుంటా, ఇంకా ఆకుమడిలోనే ఉంచీసినావు? ఉభాలు సెయ్యకుండా ఏ పంటైనా పండుతాదేటే?"

ఉభాలంటే నాట్లే; వరినారు పీకి బురదలో నాటితేనే కదా గింజ పట్టేది, నాకూ సబబుగానే తోచింది. ఇద్దరం బట్టలు ఎగ్గట్టి, మడి తొక్కి, నీళ్లు నిలబెట్టి, పదకొండు మొక్కలు పీకి వరసగా నాటాం. పన్నెండోది నూతి రాళ్ల సందులో ఇరుక్కుని ఎంత లాగినా రాలేదు. "మొండిది, వదిలీ" అంది మామ్మ.

వారం తిరక్కుండా పదకొండూ కుళ్లిపోయాయి. నాన్న గడ్డి దుబ్బులు తెచ్చి నూతి దగ్గర పెట్టాడు. ఆ ఒక్కటీ తేలేదాకా ఆగమని, సిగ్గు విడిచి ఏడ్చి ఆపాను.

ఆ మొండిదాని ఆకులు పండి వాలిన రోజు, చేత్తో మట్టి తోడాను. ఒకటి తగిలింది. మరొకటి. గోళీకాయంత దానితో కలిపి ఏడు. "నాన్నా, ఊరాయి" అని వీధంతా వినబడేలా అరుస్తూ, మట్టి దుంపలు ఒడిలో పోసుకుని పరుగెత్తాను. నాన్న వాటిని తిప్పితిప్పి చూసి, గడ్డి దుబ్బులు పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు.

మామ్మ మాత్రం నూతి గట్టు మీద కూర్చుని, "నా మాట ఇన్నవన్నీ సచ్చాయి. ఇననిదొక్కటే ఊరింది. నువ్వూ అలాగే ఉండే గుంటా" అంది.

ఇప్పుడు మా మనవరాలు డాబా మీద కుండీల్లో ఏవేవో పెంచుతోంది. నేను పక్కన నిలబడి ఎన్నో చెబుతాను, అది ఒక్కటీ వినదు. పైకి విసుక్కుంటాను గానీ, మెట్లు దిగుతుంటే నాకు నవ్వొస్తుంది.